హ్యాండ్‌బ్రేక్ పట్టు తప్పితే ముందు విప్పవలసింది డ్రమ్ము, చివర ముట్టుకోవలసింది కేబుల్ నట్టు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2004 నాటి మారుతీ 800, మీ నాన్నగారు అనంతపురంలో నడిపిన బండి, ఇప్పుడు బెంగళూరులో మీ దగ్గర ఉంది. అపార్ట్‌మెంటు బేస్‌మెంటు నుంచి పైకి ఎక్కే ఏటవాలులో, గేటు తెరిచేదాకా ఆగవలసి వచ్చినప్పుడు హ్యాండ్‌బ్రేక్ ఎంత లాగినా బండి వెనక్కి జారుతోంది. దగ్గరలోని మెకానిక్ లివర్ కింది నట్టు బిగిస్తే రెండు వారాలు బాగానే ఉంది. ఆ తరువాత లివర్ మళ్లీ పది క్లిక్కుల దాకా పైకి వస్తోంది, పైగా ఎడమ వెనక చక్రం వేడెక్కి కాలిన వాసన కొడుతోంది. నట్టు ఇంకా బిగించాలా, కేబుల్ మార్చాలా అని అడిగారు.

ఇప్పుడే ఆ రెండూ వద్దు. ముప్పై ఏళ్లుగా బెంగళూరులో పాత కార్లు బాగుచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: హ్యాండ్‌బ్రేక్ వదులైందని నా దగ్గరకు వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి లోపం కేబుల్‌లో కాక డ్రమ్ము (వెనక చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి ఇనుప భాగం) లోపల ఉండేది. నట్టు బిగించడం అయిదు నిమిషాల పని, రెండు డ్రమ్ములు విప్పి చూడటానికి రెండు మూడు గంటలు పడుతుంది. అందుకే చాలామంది నట్టుతోనే సరిపెడతారు. అలా సరిపెట్టడం వల్ల బండికి ఏమవుతుందో మీ ఎడమ చక్రం ఇప్పటికే చెబుతోంది.

లోపల జరిగేది ముందు అర్థం చేసుకుంటే తక్కినదంతా తేలికవుతుంది. వెనక డ్రమ్ములో చంద్రవంకల్లాంటి రెండు షూలు ఎదురెదురుగా ఉంటాయి, వాటి వెలుపలి అంచున లైనింగ్, అంటే డ్రమ్మును ఒరుసుకుని పట్టు ఇచ్చే పొర, అతికించి ఉంటుంది. కాలితో బ్రేక్ తొక్కినప్పుడు వీల్ సిలిండర్‌లోని చిన్న పిస్టన్లు ఆ షూలను బయటికి తోసి డ్రమ్ముకు ఒరిపిస్తాయి. చేత్తో లాగినప్పుడు బ్రేక్ ఆయిల్‌కు ఏ పనీ లేదు. కేబుల్ వెళ్లి వెనక షూకు పిన్నుతో తగిలించిన ఒక ఇనుప పట్టీ కింది కొసను లాగుతుంది. ఆ పట్టీ పైభాగం రెండు షూల మధ్య అడ్డంగా ఉన్న కడ్డీని ముందుకు నెడుతుంది, దానితో ముందు షూ డ్రమ్ముకు తగులుతుంది, ఆ ఎదురు బలంతో వెనక షూ కూడా తగులుతుంది. అంటే షూలు అవే, డ్రమ్ము అదే, తోసే దారి మాత్రమే వేరు. కనుక లైనింగ్ అరిగినా, నూనె తాగినా, డ్రమ్ము గాడి పడినా, షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరిగినా హ్యాండ్‌బ్రేక్‌లో ఆ లోపం ముందుగా బయటపడుతుంది, ఎందుకంటే కాలికి ఉన్నంత బలం చేతికి లేదు.

ఆ అడ్డ కడ్డీ దగ్గరే అడ్జస్టర్ ఉంటుంది. లైనింగ్ అరిగేకొద్దీ పెరిగే ఖాళీని, మీరు పెడల్ తొక్కుతున్నప్పుడల్లా ఒక్కో పన్ను చొప్పున జరిగి అది పూడుస్తూ ఉంటుంది. దాని లెక్క సరిగా సాగాలంటే, లివర్ పూర్తిగా దించినప్పుడు ఇందాక చెప్పిన ఇనుప పట్టీ వెనక్కి వచ్చి షూ మీద తన స్థానంలో ఆనుకుని ఉండాలి. కేబుల్ నట్టు అతిగా బిగించారనుకోండి, లివర్ కిందికి దించినా పట్టీ సగం లాగిన స్థితిలోనే ఉండిపోతుంది. షూలు కొంచెం తెరుచుకునే ఉంటాయి కాబట్టి పూడ్చవలసిన ఖాళీ ఉందన్న సంగతే అడ్జస్టర్‌కు అందదు. ఆ రోజు నుంచి అది పని మానేస్తుంది. లైనింగ్ డ్రమ్ముకు రాసుకుంటూ తిరుగుతుంది, వేడెక్కుతుంది, మామూలుకంటే వేగంగా అరుగుతుంది. అరిగాక మళ్లీ ఖాళీ, మళ్లీ వదులు, మళ్లీ నట్టు. మీ బండి రెండు వారాల కథ ఇదేనని నా నమ్మకం.

ఇక ఎడమ చక్రం ఒక్కటే ఎందుకు వేడెక్కుతోందన్న ప్రశ్నకు జవాబు విప్పితేనే తేలుతుంది. ఎడమ కేబుల్ గొట్టంలో తుప్పు పట్టి లాగినది తిరిగి రాకపోవచ్చు, పట్టీ తిరిగే పిన్ను బిగుసుకుని ఉండవచ్చు, వీల్ సిలిండర్ పిస్టన్ లోపలికి పోకుండా జామ్ అయి ఉండవచ్చు. ఏదైనా సరే, ఇన్ని రోజులూ ఆ ఒక్క చక్రమే బండిని ఆపుతూ వచ్చిందనీ కుడి చక్రం దాదాపు ఏ పనీ చేయడం లేదనీ కూడా అనుమానించవలసిందే. వేడెక్కని చక్రం బాగున్నట్టని అనుకోకండి. రెండు వైపులా విప్పాలి.

విప్పకముందే తెలుసుకోగల సంగతులు కొన్ని ఉన్నాయి, వాటిని ఒక కాగితం మీద రాసుకోండి. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, లివర్‌ను మెల్లగా లాగుతూ క్లిక్కులు లెక్కపెట్టండి. సుమారు 20 కిలోల బలంతో లాగినప్పుడు చాలా పాత చిన్న కార్లలో అయిదు నుంచి ఏడు క్లిక్కుల లోపు గట్టిపడాలి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. తరువాత ఇంజిన్ నడుస్తుండగా బ్రేక్ పెడల్ ఒకసారి తొక్కి ఎంత లోతుకు పోయిందో గమనించండి. హ్యాండ్‌బ్రేక్ పైకి లాగి ఉంచి మళ్లీ తొక్కండి. ఈసారి పెడల్ ముందుకంటే పైనే ఆగి గట్టిగా తగిలితే, వెనక షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ ఎక్కువగా ఉందని అర్థం. ఈ ఒక్క పరీక్ష మీకు సగం సమాధానం ఇస్తుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గిందేమో చూడండి, వెనక చక్రాల లోపలి వైపు డ్రమ్మును మూసి ఉంచే బ్యాక్ ప్లేట్ అనే రేకు కింద తడి మరక ఉందేమో టార్చ్‌లైటుతో చూడండి.

వేడి సంగతి కొలిచి చూడాలి. ట్రాఫిక్ తక్కువగా ఉండే తెల్లవారుజామున, బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ అయిదారు కిలోమీటర్లు నడిపి, బండి దానంతట అది నెమ్మదించేలా ఆపండి. డ్రమ్మును చేత్తో ముట్టుకోవద్దు, చర్మం అంటుకుపోయేంత వేడి ఉండవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే రెండు డ్రమ్ముల మీదా ఒకే చోట చూపి అంకెలు పోల్చండి. లేకపోతే చిటికెడు నీళ్లు చల్లండి. ఒక వైపు చుయ్‌మని ఆవిరై, రెండో వైపు నీరు నీరుగానే జారితే ఒరుసుకుంటున్న చక్రం ఏదో తేలినట్టే.

ఇప్పుడు బండి ఎత్తే విషయం. దయచేసి బేస్‌మెంటు ఏటవాలులో ఈ పని పెట్టుకోకండి. సమతలంగా, గట్టిగా ఉన్న నేల కావాలి. ఈ పనిలో హ్యాండ్‌బ్రేక్ దించి ఉంచాలి కాబట్టి, బండిని పట్టి ఉంచేవి ముందు చక్రాల అడ్డు చెక్కలూ గేరూ మాత్రమే. మీది ముందు చక్రాలతో నడిచే బండి గనుక మొదటి గేరులో వేసి, ముందు చక్రాలకు రెండు పక్కలా చెక్క దిమ్మెలు పెట్టండి. అంబాసిడర్, ఓమ్నీ వంటివి వెనక చక్రాలతో నడుస్తాయి కాబట్టి వాటిలో చక్రం తిప్పి చూడాలంటే న్యూట్రల్‌లో ఉంచాలి, అప్పుడు అడ్డు చెక్కలే దిక్కు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పనికిరావు, బరువు పడితే పగులుతాయి. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, ఆ తరువాత జాకీతో ఎత్తి, రెండు పక్కలా స్టాండ్లు పెట్టి, జాకీ బరువును వాటి మీదకు దించండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద చేయి కూడా పెట్టవద్దు.

చక్రాలు గాలిలోకి లేచాక, హ్యాండ్‌బ్రేక్ దించి ఉండగా ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పండి. కొద్దిపాటి సరసర శబ్దం పరవాలేదు, చేతికి బరువుగా తగలకూడదు. మరొకరిని లోపల కూర్చోబెట్టి ఒక్కొక్క క్లిక్కు లాగమనండి, మీరు రెండు చక్రాలనూ మార్చి మార్చి తిప్పి చూడండి. ఎడమది రెండో క్లిక్కుకే పట్టేసి, కుడిది తొమ్మిదో క్లిక్కుకు కూడా తిరుగుతూ ఉందని తేలితే, నట్టు బిగించి సరిచేయగల లోపం కాదని మీకే స్పష్టమవుతుంది.

డ్రమ్ము విప్పే ముందు లివర్ దగ్గర కేబుల్ నట్టును బాగా వదులు చేయండి, లేకపోతే తెరుచుకున్న షూలు డ్రమ్మును రానివ్వవు. చక్రం ఊడదీసి, మధ్యలోని మూత తీసి, నట్టు విప్పి, డ్రమ్మును నేరుగా మీ వైపుకు లాగాలి. ఏళ్ల తరబడి అరిగిన డ్రమ్ము అంచున చిన్న గట్టు ఏర్పడి ఉంటుంది, షూలు ఆ గట్టుకు తగులుకుని డ్రమ్ము రాదు. అప్పుడు సుత్తితో అంచు మీద కొట్టకండి, పోత ఇనుము పెళుసు, పెచ్చు లేచిపోతుంది. బ్యాక్ ప్లేట్ వెనక ఉన్న రబ్బరు బిరడా తీసి, ఆ రంధ్రం గుండా స్క్రూడ్రైవరుతో షూలను లోపలికి ముడుచుకునేలా చేసి లాగాలి. ఈ పని ఎప్పుడూ చేయనివారు మొదటిసారి తెలిసిన మెకానిక్ పక్కన ఉండగా చేయడం మంచిది.

డ్రమ్ము ఊడగానే నల్లటి బూడిద కనిపిస్తుంది. దాన్ని నోటితో ఊదవద్దు, ఎయిర్ పైపు పెట్టవద్దు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ వాడేవారు, ఆ దుమ్ము ఊపిరితిత్తులలోకి పోతే బయటికి రాదు. మాస్కు కట్టుకుని, బ్రేక్ క్లీనరో సబ్బు నీళ్లో చల్లి తడిపి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఈ మాట చెప్పేవారు లేక ఎంతో దుమ్ము పీల్చాం. ఇప్పుడు షెడ్డులో పని నేర్చుకునే పిల్లలకు మొదటి రోజే చెబుతున్నాను.

ఇక చూడవలసిన వాటిలో మొదటిది లైనింగ్ మందం. మిగిలింది 1 మి.మీ. దగ్గరకు వచ్చిందంటే షూలు మార్చాలి, 2 మి.మీ. లోపు ఉంటే ఎలాగూ విప్పారు కనుక ఇప్పుడే మార్చేయమంటాను. లైనింగ్ మందంగానే ఉండి, పైభాగం అద్దంలా మెరుస్తుంటే అది వేడికి గట్టిపడినట్టు. మామూలు గరుకు కాగితంతో ఆ మెరుపు పోయేదాకా తేలికగా రుద్దితే పట్టు తిరిగి వస్తుంది. కానీ మీరు చెప్పిన కాలిన వాసనను బట్టి ఎడమ లైనింగ్ అంచుల్లో పగుళ్లు కనబడతాయని అనుకుంటున్నాను. పగుళ్లు ఉంటే రుద్ది ప్రయోజనం లేదు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, వీల్ సిలిండర్. పైన రెండు షూల మధ్య వేలంత పొడవున అడ్డంగా ఉంటుంది, రెండు కొసలకూ రబ్బరు టోపీలు ఉంటాయి. ఆ టోపీ అంచును గోటితోనో చిన్న స్క్రూడ్రైవరుతోనో కొంచెం పైకెత్తి చూడండి. లోపల పొడిగా ఉండాలి. ఒక్క చుక్క బయటికి వచ్చి షూ అంచు మీదుగా కిందికి జారిందంటే ఆ సిలిండర్ పని అయిపోయినట్టే. బయటికి ఏమీ కారకపోయినా లోపల తడి ఉంటే అది లీకు మొదలైందనడానికి గుర్తు. కారిన బ్రేక్ ఆయిల్ లైనింగ్‌ను తడిపి ఉంటే ఆ షూను ఏ పెట్రోలుతో కడిగినా, ఎండబెట్టినా పనికిరాదు. పైకి ఆరినట్టు కనబడుతుంది, వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి ఊరుతుంది.

ఇది నేను స్వయంగా నేర్చుకున్న పాఠం. జె.సి. రోడ్డు దగ్గర ఒక షెడ్డులో పనిచేస్తున్న కొత్తలో, ఒక ఓమ్నీ హ్యాండ్‌బ్రేక్ పనిచేయడం లేదని వచ్చింది. మేస్త్రి లేని సమయం. విప్పే ఓపిక లేక నట్టు నాలుగు చుట్లు బిగించి, షెడ్డు ముందు సమతలం మీద లాగి చూసి, బాగుందని ఇచ్చేశాను. ఆ సాయంత్రం హనుమంతనగర్‌లో గుడికి వెళ్లే ఏటవాలు వీధిలో బండి ఆపి కుటుంబమంతా దిగాక, అది నెమ్మదిగా వెనక్కి కదిలి ఒక కాంపౌండు గోడను తాకి ఆగింది. వెనక ఎవరూ లేకపోవడం వారి అదృష్టం, నాది కూడా. మరునాడు మేస్త్రి డ్రమ్ము విప్పి నా చేతికి ఒక షూ ఇచ్చి లైనింగ్ మీద బొటనవేలు రాయమన్నారు. వేలికి నల్లటి జిడ్డు అంటుకుంది. ఇరుసు చివర ఆయిల్ సీలు పోయి డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) నూనె లోపలికి చేరింది. నేను బిగించిన నట్టు ఆ జిడ్డు మీద ఏం పట్టు తెస్తుందో చెప్పమని అడిగారు. ఆ రోజు నుంచి డ్రమ్ము విప్పకుండా నేను నట్టు ముట్టుకోలేదు. మీ బండిలో వెనక ఇరుసుకు డిఫరెన్షియల్ లేదు కనుక ఆ నూనె బెడద లేదు, కానీ వీల్ సిలిండర్ లీకు, హబ్బు (చక్రం మధ్య బేరింగులుండే భాగం) గ్రీజు ఈ రెండూ అదే పని చేయగలవు.

మూడోది అడ్జస్టర్. దాని పళ్లు అరిగిపోయాయా, బూడిదతో తుప్పుతో బిగుసుకుందా చూడండి. చేత్తో కదిపితే నున్నగా జరగాలి. పళ్ల చక్రం ఉన్న రకమైతే కుడి ఎడమల మరలు వేరుగా ఉంటాయి, కలిపేస్తే పూడ్చడానికి బదులు ఖాళీ పెంచుతుంది. ఇనుప పట్టీ తిరిగే పిన్ను దగ్గర తుప్పు ఉంటే శుభ్రం చేసి, వేడికి కరగని బ్రేక్ గ్రీజు చుక్క పెట్టండి. షూ అంచులు బ్యాక్ ప్లేటుకు ఆనే చోట్ల చిన్న మెట్లలా గుంటలు పడి ఉంటే షూ ఆ గుంటలో తగులుకుని వెనక్కి రాదు. ఒక్క చక్రం వేడెక్కడానికి ఇదీ ఒక కారణం, దీన్ని చాలామంది చూడరు. స్ప్రింగులు చుట్ల మధ్య ఖాళీ వచ్చేలా సాగితే మార్చేయండి. వాటిని విప్పేటప్పుడు ఒక వైపు పూర్తిగా ముగించాకే రెండో వైపు ముట్టుకోండి, ఏ స్ప్రింగు ఎక్కడిదో మరచిపోతే చూసుకోవడానికి రెండోది నమూనాగా ఉంటుంది. ఫోనుతో ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

డ్రమ్ము లోపలి ముఖం మీద గోరుకు తగిలే గాళ్లు ఉంటే లేత్ మీద పట్టించవచ్చు, అయితే మాన్యువల్‌లోనో డ్రమ్ము మీదనో ఇచ్చిన గరిష్ఠ వ్యాసం దాటకూడదు. దాటితే కొత్త డ్రమ్మే. షూలు, సిలిండర్లు, డ్రమ్ములు ఏవి మార్చినా రెండు వైపులా మార్చండి. బెంగళూరులో మారుతీ 800 అమ్మకాలు 2010లోనే ఆగిపోయినా ఈ సామాన్లు జె.సి. రోడ్డులో ఇంకా తేలికగానే దొరుకుతాయి. పాత షూ వెంట తీసుకెళ్లి పక్కన పెట్టి పోల్చి కొనండి. సిలిండర్ మార్చితే పైపుల్లోని గాలి తీయించాలి, డబ్బా మూత మీద రాసిన గ్రేడు బ్రేక్ ఆయిలే పోయాలి. చాలా పాత కార్లకు అది డాట్ 3. సీలు విప్పి నెలల తరబడి ఉంచిన సీసా వద్దు, ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

అన్నీ బిగించి డ్రమ్ము ఎక్కించాక, మధ్య నట్టును మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో (బిగువు కొలిచి చూపే పానాతో) బిగించి, దానికి కొత్త పిన్ను వేయండి. నొక్కి లాక్ చేసే రకం నట్టయితే నట్టే కొత్తది వేయాలి. చక్రం ఊడకుండా పట్టి ఉంచేది అదే కనుక చేతి అంచనా మీద వదలవద్దు.

ఇప్పుడు సర్దుబాటు. కేబుల్ నట్టు ఇంకా వదులుగానే ఉంచి, బ్రేక్ పెడల్‌ను ఇరవై ముప్పై సార్లు బలంగా తొక్కి వదలండి. లోపల అడ్జస్టర్ టక్ టక్ మంటూ జరుగుతుంది. శబ్దం ఆగి, పెడల్ ఎత్తు స్థిరపడేదాకా తొక్కాలి. చేత్తో తిప్పే అడ్జస్టర్ ఉన్న పాత బండ్లలో అయితే చక్రం పట్టుకునేదాకా బిగించి, మళ్లీ స్వేచ్ఛగా తిరిగేంతవరకు వెనక్కి తిప్పాలి. చక్రాల దగ్గర ఖాళీ సరైన స్థితికి వచ్చాకే లివర్ దగ్గరకు రండి. చాలా బండ్లలో ఈ దశకు వచ్చేసరికి, కేబుల్ ముట్టుకోకుండానే లివర్ ఆరో ఏడో క్లిక్కుకు గట్టిపడుతుంది. మీ మెకానిక్ బిగించిన నట్టును అప్పటికే వదులు చేసి ఉంటారు కాబట్టి మీరు కొంత బిగించుకోవలసి రావచ్చు.

కేబుల్ బిగించే ముందు దాని ఆరోగ్యం చూడాలి. చక్రం వైపు కొసను విప్పి, లోపలి తీగను చేత్తో లాగి వదలండి. గరగరమనకుండా జరగాలి. బయటి గొట్టం చిట్లి, లోపల తుప్పుతో ఉబ్బిన చోటు కనబడినా, తీగలో ఒక్క పోగు తెగినా కేబుల్ మార్చడమే సరి. గొట్టంలోకి ఏదైనా స్ప్రే కొడితే పది రోజులు నున్నగా జరుగుతుంది, వానాకాలం రాగానే మళ్లీ బిగుసుకుంటుంది. అనంతపురం పొడి గాలిలో ఏళ్ల తరబడి బాగున్న కేబుల్, బెంగళూరు వానలకూ బేస్‌మెంటులో నిలిచే నీళ్ల తేమకూ రెండేళ్లలో తుప్పు పట్టడం నేను చూశాను. కొత్త కేబుల్ వేస్తే, నట్టు తుది బిగువుకు తెచ్చే ముందు లివర్‌ను పది పదిహేను సార్లు బలంగా లాగి దించండి, కొత్త తీగలోని సాగు అప్పుడే పోతుంది.

లివర్ కింద కవర్ తీస్తే ఒకే నట్టు, దాని వెనక రెండు కేబుళ్లనూ సమంగా లాగే చిన్న కమ్మీ ఉండవచ్చు, లేదా ఒక్కో కేబుల్‌కు ఒక్కో నట్టు ఉండవచ్చు. ఒక్కటే ఉంటే ఆ కమ్మీ నట్టుకు అడ్డంగా, వాలకుండా నిలిచిందో లేదో చూడండి. బాగా ఒక పక్కకు వాలితే ఒక కేబుల్ బిగుసుకుందని లెక్క. రెండు నట్లుంటే చక్రాలను తిప్పుతూ రెండూ ఒకే క్లిక్కుకు పట్టేలా విడివిడిగా సర్దాలి. నట్టును సగం చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ లివర్ లాగి దించి చక్రాలు తిప్పి చూడండి. మొదటి క్లిక్కుకు చక్రం స్వేచ్ఛగా తిరగాలి, మూడు నాలుగు క్లిక్కులకు ఒరుసుకోవాలి, ఆరేడింటికి చేత్తో ఎంత తిప్పినా కదలకూడదు. లివర్ పూర్తిగా దించినప్పుడు కేబుల్‌లో వెంట్రుకవాసి వదులు మిగలాలి. మూడో క్లిక్కుకే గట్టిపడితే చేతికి హాయిగా ఉంటుంది కానీ అడ్జస్టర్ మళ్లీ మూగబోతుంది.

లివర్ పళ్లు కూడా ఒకసారి చూడండి. పైకి లాగి ఉంచి, బటను నొక్కకుండా పైనుంచి చేత్తో తట్టితే జారకూడదు. దించేటప్పుడు కొద్దిగా పైకి లాగి బటను నొక్కి దించే అలవాటు చేసుకుంటే ఆ పళ్లు చాలాకాలం నిలుస్తాయి. డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం లివర్ పైకి లేచిందనే చెబుతుంది, చక్రం పట్టుకుందని చెప్పదు.

ఈ పని పూర్తయ్యేదాకా ఆ బండిని ఆ ఏటవాలులో ఆపవద్దని మనవి. తప్పనిసరైతే, ముందుభాగం పైకి ఉన్నప్పుడు మొదటి గేరు, కిందికి ఉన్నప్పుడు రివర్సు గేరు వేసి, చక్రం కింద చెక్క దిమ్మె పెట్టాకే దిగండి. బండిలోంచి దిగేటప్పుడు ఇంజిన్ ఆపి బ్రేక్ వేయడమో, బండి దానంతట అది కదలకుండా మరో జాగ్రత్త తీసుకోవడమో 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం మీ బాధ్యత. మీ బండికి 15 ఏళ్లు దాటాయి కాబట్టి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకునేటప్పుడు పరీక్షకు వెళ్లే ముందు కూడా ఈ పని చేయించి ఉంచుకోవడం మంచిది. పార్కింగ్ చేసేటప్పుడు వరుస ఇది: పెడల్ తొక్కి ఉంచి, న్యూట్రల్‌లోకి తెచ్చి, హ్యాండ్‌బ్రేక్ లాగి, పెడల్ మీద కాలు తీసి బరువు హ్యాండ్‌బ్రేక్ మీద పడనిచ్చి, ఆ తరువాత గేరు వేసి ఇంజిన్ ఆపడం. బండిని వారాల తరబడి కదపకుండా ఉంచేటప్పుడు మాత్రం హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరుతో, అడ్డు చెక్కలతో ఆపండి. వానాకాలంలో లైనింగ్ తుప్పుతో డ్రమ్ముకు అంటుకుపోతుంది.

కొత్త షూలు డ్రమ్ముతో పూర్తిగా కలిసేదాకా ఒకటి రెండు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు లేకుండా నడపండి. ఆ తరువాత క్లిక్కులు మళ్లీ లెక్కపెట్టి, తెల్లవారుజామున డ్రమ్ముల వేడి మళ్లీ పోల్చి, ముందు రాసుకున్న కాగితం పక్కన పెట్టి చూడండి. ఒకటి రెండు క్లిక్కులు పెరిగి, వేడి రెండు వైపులా సమంగా ఉంటే నట్టు సగం చుట్టు బిగించవచ్చు. అంతకంటే పెరిగితే మళ్లీ డ్రమ్ము దగ్గరకే వెళ్లండి.

మీ గేటు దగ్గర ఏటవాలులో మొదటిసారి పరీక్షించేటప్పుడు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, పెడల్ మీది కాలును పూర్తిగా తీయకుండా అర అంగుళం పైనే ఆపి చూడండి. బండిని ముందుకు తిప్పి ఒకసారి, వెనక్కి తిప్పి ఒకసారి చూడాలి, ఎందుకంటే డ్రమ్ము బ్రేకులో చక్రం తిరగబోయే దిశను బట్టి బలంగా పట్టే షూ మారుతుంది. ఆ సమయంలో ఇంట్లోవాళ్లలో ఒకరు చెక్క దిమ్మె పట్టుకుని బండికి పక్కగా నిలబడాలి, జారే దారిలో మాత్రం ఎవరూ ఉండకూడదు.